డ్రోన్ దిగే చెయ్యి

మే 12, సోమవారం

ఈరోజు నుంచి డ్రోన్ పట్టుకునే పని నాది. ఇన్నాళ్లూ హిందూపురం స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తూ కుర్చీకి అతుక్కుని కూచున్నాను. డ్రోన్ పట్టే కుళ్లాయప్ప బెంగళూరులో పని దొరికిందని వెళ్లిపోయాడు. ఓనరు ఉమాశంకర్ అన్నకు రెండు చేతులూ రిమోట్ మీదే ఉంటాయి. ఇంకెవరు పడతారు అని తల పట్టుకున్నాడు. నేను పడతాను అన్నాను. ఆలోచించే లోపలే నోరు అనేసింది.

నేల మీద ఎందుకు దించకూడదని అడిగాను. మన పక్క నేల చూసినావు కదా అన్నాడు. ఎర్ర దుమ్ము, రాళ్లు, ఎండిన గడ్డి. దిగేటప్పుడు రెక్కల గాలికి దుమ్మంతా లేచి మోటార్లలోకి పోతుంది. అందుకే చేతిలోంచి ఎగరేయాలి, చేతిలోకే దించుకోవాలి.

ఎగరేయడం సులువు. అరచేయి పళ్లెంలా చదునుగా పెట్టాలి. వేళ్లు పైకి వంగకూడదు. చేయి మొహానికి దూరంగా, పూర్తిగా చాపాలి. పట్టుకోవడమే కష్టం. అది తలకంటే పైన, కదలకుండా నిలబడాలి. అప్పుడు కింద నుంచి మెల్లగా చెయ్యి పెట్టాలి. అది నా అరచేతిని నేల అనుకుంటుంది. ఒక్కోసారి ఉలిక్కిపడి పైకి లేస్తుంది. దాని వెంట మన చెయ్యి ఎగబడకూడదు. పట్టు దొరికాక ఒక్కసారిగా తలకిందులు చేస్తే మోటార్లు ఆగిపోతాయి. జడ ముడి వేసుకోవాలి. చున్నీ నడుముకు కట్టుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి.

మొదటిసారి చేతిలోకి వచ్చినప్పుడు వేడిగా ఉంది. రైల్లో ధర్మవరం వచ్చేదాకా అరచేయి చూసుకుంటూనే ఉన్నాను.

మే 13

నాయనకు చెప్పలేదు. ఆల్బమ్ పనే అనుకుంటున్నాడు, అనుకోనీ.

మే 19, సోమవారం

సెలవు పెట్టించారు. మగ్గం మీదికి కొత్త పడుగు వచ్చింది. నిలువుగా ఉండే పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేలల్లో ఉంటాయి. మా ఇంట్లో ఆ పని నాది. నాయనకు చూపు ఆనడం లేదు. అమ్మ వేళ్లు మొద్దుబారిపోయాయి. పట్టుపోగు కంటికి కనబడకపోయినా పర్వాలేదు, వేలికొసకు తెలియాలి. నాకు తెలుస్తుంది. పదేళ్ల వయసు నుంచీ తెలుస్తుంది.

వేళ్లు పని చేస్తుంటే కాళ్లు ఆగడం లేదు. ఊరికే ఊపుతున్నాను. అమ్మ రెండుసార్లు కాలి మీద తట్టింది. కిటికీ లోంచి కనిపించేది ఎదురింటి గోడ. డ్రోన్‌లో మా వీధి పై నుంచి ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఈ గోడ గీతంత ఉంటుందేమో.

మే 25, ఆదివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుట్లు పడ్డాయి.

మే 28

ఫోన్‌లో టైప్ చేసుకుని తర్వాత ఈ డైరీలోకి ఎక్కిస్తాను. రాయకపోతే బుర్రలో అదే తిరుగుతోంది.

ఆదివారం పెనుకొండ కొండ మీద ప్రీ వెడ్డింగ్ షూట్. పెళ్లికొడుకుకు బస్సు టైమైపోతోందని తొందర. ఆఖరి షాట్ కోట గోడ మీద నుంచి తీశారు. అంచు దగ్గర గాలి లోయ లోంచి తన్నుకొస్తోంది. డ్రోన్ నా తల మీద నిలబడడం లేదు, అటూ ఇటూ జారుతోంది. బ్యాటరీ బీప్ మొదలైంది. పట్టు పట్టు అన్నాడు ఉమాశంకర్ అన్న. చెయ్యి పెట్టాను. అది ఉన్నట్టుండి కిందికి వచ్చింది. నేను వేళ్లు మూశాను.

నొప్పి వెంటనే తెలియలేదు. టకటకమని ఒక చప్పుడు మాత్రం తెలిసింది. పెళ్లికూతురు వేసుకున్న తెల్ల గౌను మీద చుక్కలు పడ్డాయి. ఆ అమ్మాయి ఏడ్చేసింది. నేను సారీ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు. చూపుడు వేలు కొస లోతుగా తెగింది. పెనుకొండలోనే కుట్లు వేశారు. స్పర్శ రావడానికి టైం పడుతుందమ్మా, పూర్తిగా వస్తుందని చెప్పలేను అన్నాడు డాక్టరు.

తప్పు నాదే. నిలబడకముందే చెయ్యి పెట్టాను.

ఉమాశంకర్ అన్న ఇంటిదాకా దింపి, గుమ్మం బయటే నిలబడి అంతా చెప్పేశాడు. నాయన విన్నాడు. అన్న వెళ్లిన తర్వాత నా పక్కన కూచుని కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ వేళ్ల మీద మనిల్లు నడుస్తాండాది సుచిత్రా. తీసుకపోయి ఆ మిషను నోట్లో పెడితివి."

కోప్పడి ఉంటే బాగుండేది.

జూన్ 9

కుట్లు విప్పారు. వేలు నాదిలా లేదు.

జూన్ 21, శనివారం

కొత్త పడుగు అతకాలి. కూచున్నాను. పోగు కళ్లకు కనిపిస్తోంది, వేలికొసకు తెలియడం లేదు. మెలి పడిందో లేదో తెలియదు. మధ్యాహ్నానికి అతికినవాటిలో సగం ఊడిపోయాయి. నాయన లేచి వెళ్లి పక్క వీధి యమునను పిలుచుకొచ్చాడు.

యమున నా చోట కూచుంది. మంచిది, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గలగలా మాట్లాడుతూ అతుకుతోంది. నేను ఇంట్లో ఉండలేకపోయాను. రైల్వే స్టేషన్ దాకా నడిచాను. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. ఎవరి కోసమమ్మా అని ఒక ముసలాయన అడిగాడు. ఎవరి కోసమూ కాదన్నాను. మళ్లీ ఇంటికొచ్చాను. యమున ఇంకా అతుకుతూనే ఉంది.

జూలై 6, ఆదివారం

ఆషాఢం, షూట్‌లు లేవు. ఉమాశంకర్ అన్న మామిడిపండ్లు తీసుకుని వచ్చాడు. నాయనకు దండం పెట్టి, ఇక ఈ పిల్లను డ్రోన్ దగ్గరికి పోనివ్వను, ఎడిటింగ్‌లో కూచోబెడతాను అన్నాడు. నాయన తలూపాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నా చేతి గురించి నేను తప్ప అందరూ మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చేశారు.

మజ్జిగ తాగడం అయ్యేదాకా ఆగి, నేను మళ్లీ పడతాను అన్నాను.

అమ్మ ఒక్కటే అడిగింది, ఎందుకు అని. ఇంట్లో వేలు పనికిరాదు, బయట చెయ్యే పనికిరాదంటే నేను ఎక్కడ కూచోవాలి? ఇది జవాబు కాదేమో.

జూలై 7

నాయన మాట్లాడడం లేదు. మగ్గం చప్పుడు ఎప్పటికంటే గట్టిగా వినిపిస్తోంది.

జూలై 20, ఆదివారం

ఉమాశంకర్ అన్న ఆఖరికి ఒప్పుకున్నాడు. స్టూడియో వెనక ఖాళీ జాగాలో ప్రాక్టీసు. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ గార్డులు బిగించారు. చేతికి మందపాటి గ్లవుజు. తోలు గ్లవుజులో వేళ్లు సగం వంగే ఉంటాయి, అయినా వేసుకున్నాను.

డ్రోన్ దిగుతోంది. చెయ్యి చాపాను. ఆ చప్పుడు దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. నేను తీయలేదు. అదే వచ్చింది. మళ్లీ చాపాను. మళ్లీ వచ్చింది. చెమటకు గ్లవుజు లోపల తడిసిపోయింది. ఉమాశంకర్ అన్న ఓపిగ్గా పైకీ కిందికీ నడిపాడు. ఆఖరికి ఎడమ చెయ్యి పెట్టాను. దిగింది. తలకిందులు చేశాను, ఆగింది.

సంతోషం రాలేదు. ఒక బండ మీద కూచుని నీళ్లు తాగాను. తర్వాత ఇంకొకసారి పట్టాను.

ఆగస్టు 10, ఆదివారం

రాయాలి. పడుకుంటే నిద్ర వచ్చేట్టు లేదు.

రామగిరి పక్క ఒక పల్లెలో ఓబుళప్ప అనే గొర్రెలకాపరి కూతురు పెళ్లి. మధ్యాహ్నం ఊరేగింపు. వీధి సన్నం. డప్పులు, జనం, దుమ్ము. పట్టుకోవడానికి మిద్దె పైనే చోటుంది. ఉమాశంకర్ అన్న కింద జనంతో పాటు నడుస్తూ ఎగరేస్తున్నాడు. నేను మిద్దె మీద ఎదురుచూస్తున్నాను. మిద్దెకు పిట్టగోడ లేదు. అవతల కొండ మీద గాలిమరలు గిరగిరా తిరుగుతున్నాయి. గాలి ఎంతుందో వాటిని చూస్తేనే తెలుస్తోంది.

బ్యాటరీ అయిపోతోందని కింది నుంచి సైగ చేశాడు. డ్రోన్ మిద్దె వైపు వచ్చింది. కింద నుంచి చూసే మనిషికి అది మిద్దె మీద ఉందో, అంచు దాటి ఉందో తెలియదు. అంచుకు బయట ఉంది. ఇంకా లోపలికి అని చెయ్యి ఊపాను. లోపలికి వచ్చింది, గాలికి మళ్లీ బయటికి జారింది. ఒక అడుగు ముందుకేసి వంగితే అందుతుంది. చూపుకు తెలుస్తోంది, అందుతుంది. పట్టుకో పట్టుకో అని అరుస్తున్నాడు.

చెయ్యి లేచింది. ఈసారి అది వెనక్కి రాలేదు.

అప్పుడు పక్క నుంచి ఇంకో చెయ్యి లేచింది. చిన్నది. ఓబుళప్ప మనవరాలు ధరణి. ఎప్పుడు మెట్లెక్కిందో, నాలుగేళ్లు కూడా ఉండవు. పట్టులంగా కట్టుకుని, నన్ను చూసి, నాలాగే చెయ్యి చాపి అంచు వైపు నడుస్తోంది. దాని కళ్లన్నీ డ్రోన్ లైట్ల మీదే ఉన్నాయి.

నా చెయ్యి దించేశాను. పిల్లను నడుము పట్టి లాగి, ఇద్దరం మిద్దె మీద కూలబడ్డాం. దాని తల నా కడుపులో దాచుకుని వీపు అటు తిప్పాను. చప్పుడు నెత్తి మీదుగా పోయింది. నీళ్ల ట్యాంకుకు కొట్టుకుంది. తర్వాత వెనక ఉన్న ఖాళీ గొర్రెల దొడ్డిలో పడిన చప్పుడు. పిల్ల ఏడవలేదు. ఇంకోసారి అంది.

ఉమాశంకర్ అన్న పైకి వచ్చేసరికి పిల్ల మెట్లు దిగి పరిగెత్తేసింది. అతనికి కనిపించింది నేనొక్కదాన్నే, కింద కూచుని.

"చెయ్యి పెట్టింటే అందేది కదా సుచిత్రా."

"అందేది అన్నా. పెట్టలేదు."

వివరం చెప్పబోయాను. వినలేదు. దొడ్డిలోకి దిగి ముక్కలు ఏరుకున్నాడు. అవి వెనక సీట్లో పెట్టి కారు తీశాడు. దారిలో టీ కోసం ఆపాడు, నాకూ ఒకటి తెచ్చి ఇచ్చాడు.

ఆగస్టు 11

పొద్దున నాయనకు నేనే చెప్పాను. డ్రోన్ పగిలింది, ఒక పిల్ల అడ్డం వస్తే నేను పట్టుకోలేదు, పని పోయినట్టే అన్నాను.

నాయన అడ్డపోగు విసిరే నాడె పక్కన పెట్టాడు. చెయ్యి చూపమన్నాడు. కుడిది ఇచ్చాను. కిటికీ వెలుతురులోకి లాగి ఒక్కో వేలూ తిప్పి చూశాడు. ఎడమది కూడా అడిగాడు. అదీ చూశాడు. తర్వాత పాత మచ్చ మీద బొటనవేలుతో రెండుసార్లు రుద్దాడు.

"ఈడ తెలుస్తాందా?"

తెలియడం లేదన్నాను.

"సరే," అని మగ్గం గుంతలోకి దిగాడు. కాసేపటికి, ఆ పిల్ల ఎవరి పిల్ల అని అడిగాడు. మొత్తం చెప్పాను. నెల రోజుల తర్వాత ఇద్దరం మాట్లాడుకున్నాం. మధ్యలో మగ్గం ఆపలేదు, చప్పుడు మాత్రం తగ్గించాడు.

ఆగస్టు 16

ఉమాశంకర్ అన్న నుంచి ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. వీధి చివరిదాకా పోవడం, రావడం. ఈ రోజంతా అదే.

ఆగస్టు 24, ఆదివారం

ఉమాశంకర్ అన్న వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, అరుగు మీదే కూచున్నాడు. ఓబుళప్ప వీడియో కోసం స్టూడియోకు వచ్చాడట. పగిలిన డ్రోన్ మెమరీ కార్డులో ఆఖరి క్లిప్ ఇద్దరూ కలిసి చూశారట. అందులో మిద్దె, అంచు, నేను, చెయ్యి చాపిన పిల్ల, అన్నీ ఉన్నాయట. మిషను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు కదప్పా అంటూ ఓబుళప్ప కళ్లు తుడుచుకున్నాడట.

తర్వాత పెనుకొండ క్లిప్ కూడా తీసి చూశానన్నాడు. నేల చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు నేనే రిమోట్‌లో స్టిక్ కిందికి నొక్కినాను. వాళ్లకు టైమయిపోతాందని. తప్పు గాలిది కాదు, నీది కాదు."

మూడు నెలలు నాదే అనుకున్నాను. కోపం రావాలి. వచ్చింది కూడా. మచ్చ ఉన్న వేలు ఎత్తి అతని మొహం ముందు పెట్టాలనిపించింది. పెట్టలేదు. అతను దాన్నే చూస్తున్నాడు.

పాత డ్రోన్ ఒకటి కొన్నాడట. వస్తావా అని అడిగాడు. వస్తాను, కానీ నేను దించమనేదాకా దించకూడదు అన్నాను. గాలి ఎక్కువుంటే, పిల్లలుంటే, టార్పాలిన్ పట్ట పరిచి నేల మీదే దించాలి. బీప్ కొట్టేదాకా ఎగరేయకూడదు. ఇంకా, ఎగరేయడం నాకూ నేర్పాలి. చివరిది విని తలెత్తాడు. సరేనన్నాడు.

లోపల మగ్గం ఆగి ఉంది. నాయన వింటున్నాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

పొద్దున్నే హిందూపురం శివార్లో ఖాళీ బయలు. రిమోట్ నా చేతుల్లో ఉంది. ఉమాశంకర్ అన్న కళ్లద్దాలు పెట్టుకుని డ్రోన్ కింద నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఎగరేస్తున్నాడు, ఒక్కసారి కూడా పట్టుకోలేదట. చాపిన చెయ్యి వణుకుతోంది. దించు, దించు అంటున్నాడు.

దించలేదు. ఆ చెయ్యి నిలబడేదాకా పైనే ఉంచాను.