దామోదర్ నవ్వు

బొమ్మనహళ్ళి, బెంగళూరు
జూన్ 2006

ప్రియమైన ప్రమీలక్కకు,

ఉద్యోగం రాలేదు. పైగా ఒళ్ళు మండిపోతోంది.

కంప్యూటర్ల భద్రత చూసే పనికి కొత్తవాళ్ళు కావాలంటే కాటన్‌పేటలో ఒక కొరియర్ కంపెనీకి వెళ్ళాను. అంతకుముందే వాళ్ళ వెబ్‌సైటులో నా పార్సిల్ నంబరు కొట్టబోయి ఒక అంకె తప్పు కొట్టాను. ఎవరిదో ఇంటి అడ్రసు, ఫోను నంబరు వచ్చేశాయి! ఆ మాటే ఇంటర్వ్యూలో మేనేజరు దామోదర్‌కు చెప్పాను. ఇప్పుడు నెట్ సెంటర్‌లో పనిచేస్తున్నానని అప్పటికే చెప్పి ఉన్నాను. పగలబడి నవ్వాడు. "చూడప్పా, నెట్ సెంటర్ పిల్ల మనకు పాఠం చెప్తా ఉండాది!" అని పక్కవాళ్ళనీ నవ్వించాడు. నా డిప్లొమా చూడనైనా చూడలేదు. సర్టిఫికెట్లున్న తన మేనల్లుణ్ణి పెట్టుకున్నాడు.

ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. ఆ అడ్రసులన్నీ లాగి, ఇదిగో దామోదర్ నిర్వాకం అని నెట్‌లో పెట్టేస్తాను. వాడి పరువు బజారున పడాలి.

కోపంతో,
నీ చెల్లి స్టెల్లా

గుంటూరు
జూన్ 2006

నా బంగారు స్టెల్లాకు,

ఆసుపత్రి డ్యూటీలోనే చదివాను. నాకూ వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆ అడ్రసులు దామోదర్‌వి కాదు కదే! ఒంటరి ఆడవాళ్ళవి ఉంటాయి, ముసలివాళ్ళవి ఉంటాయి. వాళ్ళేం పాపం చేశారు? పోలీసులు వచ్చేది నీ కోసం. ఆ తర్వాత ఈ పనిలోకి నిన్నెవరు రానిస్తారు? నాకు సూది వెయ్యడం వచ్చు. వచ్చు కదా అని దారినపోయేవాళ్ళకు గుచ్చుతున్నానా?

కోపం పారెయ్యమనను. దాచుకో.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
ప్రమీలక్క

బొమ్మనహళ్ళి
ఆగస్టు 2006

ప్రియమైన అక్కకు,

ఆ అడ్రసులు నెట్‌లో పెట్టలేదులే. నీ మీదా కోపంగానే ఉంది.

కోరమంగలలో ఇంకో ఇంటర్వ్యూ అయింది. అది ఇతర కంపెనీల వెబ్‌సైట్లు పరీక్షించే కంపెనీ. ఇంటర్వ్యూ చేసిన సమీనా మేడమ్ సర్టిఫికెట్లు అడగలేదు. తెలియనిది తెలియదంటానా అని చూశారు. చివర, "ఎవరిదో తలుపు తెరిచి ఉందని తెలిస్తే ఏం చేస్తావు?" అన్నారు. కంపెనీ పేరు చెప్పకుండా జరిగిందంతా చెప్పేశాను, పగతో సహా. "తలుపులు తెరిచేవాళ్ళు చాలామంది దొరుకుతారమ్మా. తెలిసీ బయట నిలబడేవాళ్ళే దొరకరు" అన్నారు.

ఉద్యోగం వచ్చింది. అయినా ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు.

నీ స్టెల్లా

బొమ్మనహళ్ళి
జనవరి 2007

ప్రియాతిప్రియమైన అక్కకు,

కూర్చుని చదువు. మేం కొత్తగా పరీక్షించాల్సిన వెబ్‌సైటు ఎవరిదనుకున్నావు? ఆ కొరియర్ కంపెనీదే! వాళ్ళతో పాత గొడవ ఉందని మేడమ్‌కు ముందే చెప్పాను. "రిపోర్టులో నిజం తప్ప ఒక్క ముక్క రాయకు" అన్నారు. నిజమే సరిపోయింది.

మా పనిలో రాతపూర్వకంగా అనుమతి లేకుండా దేన్నీ ముట్టుకోం. ఆ అనుమతి మీద సంతకం పెట్టింది దామోదరే. నా మొహం కూడా చూడలేదు. నిన్న ఓనరు అభిజిత్ గారి ముందు అదే పేజీ తెరిచాను. ఆయన పార్సిల్ నంబరే అడిగి కొడితే, ఓనరు ఇంటి అడ్రసే వచ్చింది. "ఇది ఎవరికీ తెలియలేదా?" అని అరిచారాయన. "జూన్‌లో ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు దామోదర్ సార్‌కి చెప్పాను. నవ్వారు" అన్నాను. దామోదర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇకమీద కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు ఏం చూడాలమ్మా?" అని ఓనరు అడిగారు. "ముందు, అడిగే కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారో చూసుకోండి సార్" అన్నాను.

ఈ ఉదయం దామోదర్‌ను తీసేశారట.

క్షమించమని బైబిల్ వాక్యంలో ఉంది, తెలుసక్కా. క్షమిస్తాను, వచ్చే ఆదివారం. ఈ వారం మాత్రం నన్ను సంతోషంగా ఉండనీ.

నీ చెల్లి,
స్టెల్లా