మగ్గం గుంటలో పిల్లి

అత్తయ్యా,

మీరు పోయి రేపటికి ఏడాది. ఇది మీరు చదవరని తెలిసినా, మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

యుద్ధం అయిపోయినా మన మంగళగిరిలో నూలు ఇంకా కరువే. మీ అబ్బాయి తంటాలు పడి తెచ్చి పడుగు ఎక్కించినా, మామయ్యగారు మగ్గం దగ్గరికి వెళ్ళలేదు. మీరు పోయినప్పటినుంచీ అరుగు మీదే కూర్చున్నారు.

వానల్లో ఒక వీధిపిల్లి తడుస్తూ వస్తే పెరుగన్నం పెట్టాను. మొదట్లో నన్ను చూస్తే పారిపోయేది. మెల్లగా నా కాళ్ళకు ఒళ్ళు రాసుకునేంత చనువైంది. ఇవాళ పొద్దున చూస్తే, మామయ్యగారి మగ్గం గుంటలో పిల్లల్ని పెట్టింది.

ఆయనకు చెప్పాను. లేచి వచ్చి గుంటలోకి దిగారు.

"నా చోటే దొరికిందటే నీకు?" అంటూ పిల్లల్ని ఒక్కొక్కటిగా తీసి గోనె మీద పడుకోబెట్టారు. పిల్లి ఊరుకుంది. ఆయన మాత్రం పైకి రాలేదు. అక్కడే కూర్చుని పడుగు మీద చెయ్యి వేసి నిమిరారు.

"అమ్మాయ్, ఆ నూలు కండెలు ఇలా అందుకో" అన్నారు.

సాయంత్రందాకా నేశారు. మగ్గం చప్పుడు వింటూ వంట చేసి, పిల్లికి గిన్నెనిండా పాలు పోశాను. పిల్లికి ఇన్ని పాలేమిటే అని మీరుంటే కసిరేవారు. కసరండి అత్తయ్యా, ఇవాళ నేను వినను.

మీ కోడలు