నలభై సెకన్ల ఆలస్యం

ఆదివారం, మధ్యాహ్నం

పొద్దున్నుంచి ఇప్పటికి రెండు బకెట్ల బట్టలు ఉతికాను, వంటింటి డబ్బాలన్నీ తుడిచాను, వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరిపెట్టాను. మిగిలింది నీకు ఉత్తరం రాయడమే.

లక్ష్మక్కకు నీ చెల్లె గంగామణి కాళ్లు మొక్కి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనుకుంటాను. పసుపు తవ్వడం అయిందా, ఉడకబెట్టడం మొదలుపెట్టారా? బావను బస్తాలు ఎత్తనీయకు. మేమిద్దరం బాగున్నాం. ముందే చెబుతున్నాను, ఇది చదివి భయపడకు. నీ మరిది ఆరోగ్యానికి ఏమీ కాలేదు.

ఈ పంజాబ్‌లో చలి ఇంకా తగ్గలేదు. నువ్వు పంపిన జొన్నపిండి ఇంకో పది రోజులకు సరిపోతుంది. పక్కింటామె మంచిదే కానీ ఆమె మాట నాకు సగమే అర్థమవుతుంది. అందుకే పని కాగానే డాబా ఎక్కుతాను. అక్కడినుంచి ఈయన మిలిటరీ యూనిట్ గ్రౌండ్ కనిపిస్తుంది. పొద్దున ఏడింటికి విజిల్ పడగానే వందమంది ఒకే అడుగుగా పరుగెత్తుతారు. పెద్ద తనిఖీ దగ్గరపడి అందరికీ పని ఎక్కువైంది, సాయంత్రం వాలీబాల్ కూడా మానేశారు. పొద్దుటి పీటీ పరుగు మాత్రం ఆగదు.

నీకు తెలుసు కదా, ఈయన కంపెనీ దఫ్తర్‌లో రాతపని చూసే హవల్దారు. ఈసారి పరుగు పరీక్ష పాసైతేనే నాయబ్ సుబేదార్ ప్రమోషన్ జాబితాలో పేరు వెళుతుంది. లేకపోతే వచ్చే ఏడాది పెన్షన్, ఇంటికి రావడమే. మా పాప చదువు అయ్యేదాకా నౌకరీ ఉంటే బాగుండునని మా ఆశ.

నెల కింద ఒకరోజు ఆయన పీటీ బనియన్ ఉతుకుతుంటే అనుమానం వచ్చింది. తడిగా ఉంది కానీ చెమట వాసన లేదు. ఆరేశాక ఉప్పు చార కట్టలేదు. మర్నాడు డాబా ఎక్కి చూశాను. పరుగెత్తేవాళ్లలో ఆయన లేరు.

"పొద్దుగాల యాడికి పోతున్నవ్?" అని అడిగాను.

"పీటీకి."

"గా బనియన్ల చెమట లేదు. నల్లా నీళ్లున్నయ్."

"దఫ్తర్‌ల కూసుంటున్న మణీ. తనిఖీ కాగితాలు గుట్టలున్నయ్. అందరు ఉరికేటప్పుడే జర నిమ్మళంగ రాసుకోనొస్తది."

"మరి హాజరు?"

"రిజిస్టర్ నా దగ్గరనే ఉంటది గదా. నేనే ఏస్కుంటున్న."

"నాకెందుకు బనియన్ తడిపి చూపెట్టినవ్?"

"రోజు రెండు గుడ్లు ఉడకబెట్టి పెడ్తివి. ఉరకలేదంటే నీ మొఖమెట్ల చూడాలె?"

అక్కా, నేను చెంచా నూనె ఎక్కువ వాడినా పుస్తకంలో రాసే మనిషిని. ఇరవై రెండేళ్లుగా నా పక్కనున్న మనిషి లేని హాజరు వేసుకున్నారంటే నమ్మలేకపోయాను. "గవన్నీ కొట్టేసి మీ సాబ్‌కు చెప్పుకో. అప్పటిదాంక నా చేతి బువ్వ అడగకు," అన్నాను.

అదేరోజు చెప్పుకున్నారు. సాబ్ బాగా తిట్టి, నెల రోజుల అదనపు పీటీ వేశారు. పరుగు నేర్పే ఉస్తాద్ మన ధర్పల్లివాడు నర్సయ్య. నలభై ఏళ్ల మనిషి, నన్ను వదినా అంటాడు. పరీక్షకు మూడు వారాలే ఉందని ఈయనను రెండు పూటలా పరుగెత్తించాడు.

పరీక్షనాడు డాబా మీద నేను ఫోన్‌లో టైం పెట్టుకుని నిలబడ్డాను. సగం దాకా బాగానే ఉరికారు. చివరి చుట్టులో నడుం మీద చెయ్యి వేసుకున్నారు. నేను చూస్తుండగానే ఆయన వయసువాళ్లకిచ్చిన టైం దాటిపోయింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ ఆయనతోపాటు ఇంటికొచ్చాడు. "అన్నకు జర చెప్పు వదినా. టైం చూసేది నేను, పట్టీల రాసేది అన్న. నలభై సెకన్లే గదా, గడియారం ఒత్తుడు నాదే లేటయిందనుకుందామన్న. ఇనలే. తన పేరు ముంగట ఫెయిల్ అని తనే రాసుకున్నడు."

నేను చాయ్ గ్లాసు అందిస్తూ అన్నాను, "నలభై సెకన్లే గదా. రాసుకుంటే ఏమైతుండె?"

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందక్కా. ఉస్తాద్ తల వంచుకున్నాడు. ఈయన కోపపడలేదు. "నువ్వా మణీ గిట్లనేది," అన్నారు, అంతే. నేను లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టకుండానే నిలబడిపోయాను.

వారం రోజులు ఆ మాటే లోపల తిరిగింది. ఈ పొద్దున తప్పయిందని చెప్పాను. ఆయన, "నేను సుత పాస్ అని రాద్దామనే కలం ఎత్తిన మణీ," అన్నారు. తర్వాత ఇద్దరం ఒక కంచంలోనే తిన్నాం.

మళ్లీ పరీక్ష ఉంటుందట కానీ ఈ జాబితాకు అందదు, ఇక ఇంటికి రావడమే. అందుకే ఒక పని చెయ్యి. పెర్కిట్‌లో మా ఇంట్లో కిరాయికున్నవాళ్లకు వచ్చే ఏడాది ఎండాకాలానికి వేరే ఇల్లు చూసుకోమని ఇప్పుడే మెల్లగా చెప్పు. అత్తమ్మకు మాత్రం చెప్పకు, ఆయనే ఫోన్ చేస్తారు. పాపను ఒకసారి హాస్టల్‌కు వెళ్లి చూసిరా.

బావకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ ఇద్దరి దీవెన మా మీద ఉండాలి.

నీ చెల్లె
గంగామణి

తా.క. ఆయనకు వేసిన నెల రోజుల అదనపు పీటీ నిన్నటితో పూర్తయింది. ఆ బాకీ తీరింది.