పనసపొట్టు ఎవరు కొట్టాలి

శుక్రవారం

పొద్దున్న మంచు బాగా పట్టింది. ఎండొచ్చేక కొబ్బరి దింపు మొదలెట్టేం. మధ్యాహ్నానికి అయిపోయింది.

ఆదివారం స్నేహితుల్ని భోజనానికి పిలిచేను. మా ఆవిడ పద్మ ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర చాలంది. నేను ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా ఉండాలన్నాను. కాయ మా చెట్టుదే. గట్టు మీద కొబ్బరిచెట్టు ఎవరిదన్న గొడవతో వాళ్ళలో సత్యం, రాజు రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఇద్దరూ ఒక పంక్తిలో కూర్చుంటే చాలు నాకు.

సాయంత్రం సత్యం వచ్చేడు. "రాజు వస్తే నేను రాను," అన్నాడు.

"నీ ఇష్టం. పొట్టు వాడే కొడతానన్నాడులే."

"వాడా! వాడు కొడితే ఆవులకి దాణా అవుద్దిరా. చెల్లెమ్మా, ఆ కాయని వాడి చేతికివ్వకు. నేనొచ్చి కొడతాను."

"ఆయ్, అలాగేనండి అన్నయ్యగారూ," అని పద్మ నవ్వాపుకుంటూ వంటింట్లోకి పోయింది.

రాజు ఆ మాట అనలేదు. నేనే కల్పించేను. రేపు రాజు దగ్గరికెళ్ళి ఆవ నూరే పని అప్పజెప్పాలి. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నాక నా అబద్ధం బయటపడితే...

సత్యం ఆరున్నరకి వెళ్ళేడు. సాన పెట్టిస్తానని మా పెద్దకత్తి పట్టుకెళ్ళేడు.