నీ వంతు

అక్కా,

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే ఎక్కడ మాట మార్చేస్తానో అని ఇలా రాస్తున్నాను. డిగ్రీ కాగానే నేరుగా పీహెచ్‌డీ చేసే ఇంటిగ్రేటెడ్ కోర్సులో నాకు సీటొచ్చింది. ఎమ్మెస్సీ కూడా అందులోనే. అంతా కలిపి ఆరేళ్ళు.

నా డిగ్రీ అవగానే మన టైలరింగ్ కొట్టు నేను చూసుకోవాలని, నాకోసం ఆపేసిన చదువు నువ్వు మళ్ళీ మొదలుపెట్టాలని కదా అనుకున్నాం. ఇంటర్వ్యూలో ఒక మేడమ్ "ఆరేళ్ళు ఉండగలవా? ఇంట్లో ఇబ్బందేం లేదుగా?" అని అడిగారు. "లేదండీ" అనేశాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో నాకే తెలీదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నిన్న ఆఫీసుకెళ్ళి, వచ్చే ఏడాది చేరతానని బతిమాలాను. కుదరదన్నారు. సీటు వదులుకుంటానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చేరిపోయానక్కా.

అమ్మకింకా చెప్పలేదు. ముందు నువ్వు తిట్టాలి. గట్టిగా తిట్టు. అంతేగానీ "పిచ్చి మొహమా, ఈ వయసులో నాకు చదువెందుకే" అని మాత్రం అనకు. నువ్వలా అంటే నేను నమ్మేస్తాను. నమ్మడం నాకు చాలా సుఖంగా ఉంటుంది.

నీ చెల్లి