ఆగిన కూత

ఫిబ్రవరి 26, గురువారం

రాజమండ్రి నుంచి ఫోన్. మహిళా దినోత్సవానికి ఇద్దరికి సన్మానమట. స్పోర్ట్స్‌లో నాకు, అంటే నరసాపురం రిటైర్డ్ పీఈటీ దేవకుమారికి. మీరు రాకపోతే ఎలాగండీ అని ఒకటే బతిమాలడం. సరేనన్నాను. రెండో ఆవిడ లంక గ్రామాల్లో ముప్ఫయ్యేళ్ళు పడవల మీద తిరిగి కాన్పులు చేసిన నర్సు. పేరు సంపూర్ణమ్మ, ధవళేశ్వరం.

ఆ పేరు మళ్ళీ చెప్పించుకుని విన్నాను.

ఫిబ్రవరి 27, ఉదయం 5

1980. రాజమండ్రి గ్రౌండ్. కబడ్డీ ఫైనల్. మాకూ ధవళేశ్వరానికీ స్కోరు సమానం. ఆఖరి కూతకి నేనెళ్ళాను. సంపూర్ణ నా మడమ పట్టింది. ఏం పట్టు అది! గీత ఇంకా జానెడు దూరం ఉండగానే నా కూత ఆగిపోయింది. ఊపిరి లేదు. అంటే నేను ఔట్. ఆ క్షణంలోనే ఆమె పట్టు వదిలింది. నేను గీత తాకాను. ఆ గోలలో కూత ఆగిందని రిఫరీకి తెలియలేదు. విజిల్ మాకే.

నేను నోరు మెదపలేదు. ఆ కప్పుతోనే స్టేట్ టీమ్. ఆ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగం.

మార్చి 3

బయోడేటా అడిగారు. 'విన్నింగ్ రైడ్' గురించి రెండు లైన్లు ఉండాలట. రాసి కొట్టేశాను. పాత ఫోటో తీసి కూర్చున్నాను. టైలర్ త్రిమూర్తులు కుట్టిన నిక్కర్లు మోకాళ్ళ కిందికి వేలాడుతున్నాయి. పక్కన ఏసుపాదం మాస్టారు. ఆయన మమ్మల్ని కాలవలో పీకల్లోతు నిలబెట్టి కూత పెట్టించేవారు. నోట్లోకి నీళ్ళు పోయి ఎవరైనా నవ్వితే అందరం మళ్ళీ మొదట్నుంచి. తడి జడలతో జంతికలు నములుతూ ఇళ్ళకి పోయేవాళ్ళం. ఎంత హాయైన రోజులు! వాటి మధ్యలో ఈ ముల్లొకటి.

మార్చి 6

జాకెట్టు బిగుతైందని సాకు చెప్పి మానేద్దామనుకున్నాను. సిగ్గులేదు నాకు.

మార్చి 8, సాయంత్రం, రైల్లో

శాలువా కప్పి, ఆ ఆఖరి కూత గురించి చెప్పమన్నారు. మైకు పట్టుకున్నాను. నా కూత ముందే ఆగిపోయిందని, ఆ కప్పు ధవళేశ్వరం పిల్లలదని చెప్పేశాను. సంపూర్ణమ్మ మెళ్ళో దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

స్టేజీ దిగాక మాట్లాడింది. కోపంగా కాదు, మామూలుగానే. కూత ఆగడం తను విన్నదట. రైడ్ అయిపోయిందనుకునే వదిలేసిందట. ఎవరూ నమ్మలేదండీ అంది. చేతకాక వదిలేసి కబుర్లు చెబుతున్నావే అన్నారండీ మావాళ్ళు, తర్వాత ఇంక టీమ్‌లోకే రానివ్వలేదండీ అంది.

ఇన్నేళ్ళూ నేను కాజేసింది ఒక కప్పే అనుకున్నాను. ఆమె మాటకున్న విలువ కూడా పట్టుకుపోయానని తెలియదు. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

మార్చి 9

సంపూర్ణమ్మ వాట్సాప్‌లో నెంబర్లు పంపింది. ఆనాటి వాళ్ళ జట్టువి. తను కాక ఆరుగురిలో ఇద్దరు పోయారట. మిగిలిన నలుగురికీ నేనే చెప్పాలట.

మొదటిది కెప్టెన్ రామతులసి. యానాం.

రింగవుతోంది.