నీకు వినబడిందట

బావా, నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. బతికుండగా మాత్రం చదివావా, నా ఉత్తరాలతో పడవ చిల్లులు పూడ్చేవాడివి.

నిన్న నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. కండలు సడలించే సూది ఎలా పనిచేస్తుందని మత్తు డాక్టరమ్మను ముందే అడిగాను.

"కదలమని నరం చివర్నుంచి కండకి కబురు పోద్ది తాతా. కండ దాన్ని అందుకునే చోట ఈ మందు ముందే కూకుంటాది. బస్, కండ కదల్దు. చెవులు మాత్రం పనిచేస్తాయి, అందుకే ముందు నిద్రపుచ్చుతాం."

సముద్రపు పాము విషం కూడా అక్కడే కూర్చుంటుందట, ఆవిడే చెప్పింది.

నువ్వు పోయిన రోజు ఫీనిక్స్ బే జెట్టీ మీద వలలోంచి చేపలు ఏరుతూనే రెప్పలు వాలి, మాట ముద్దయి పడిపోయావు. రోజూ తాగేవాడివి కనుక తాగావనుకున్నాం.

"భయ్యాకి పొద్దున్నే ఎక్కేసింది" అంటూ తోటివాళ్ళు నీ మొహాన చేపలు కడిగిన నీళ్ళు కొట్టారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. "మా అక్కని ఏడిపించే తాగుబోతు, అక్కడే పడుండనీండి" అన్నాను. నీ ఊపిరి ఆగాక గాని వేలి మీద పంటిగాట్లు కనబడలేదు.

ఇన్నేళ్ళూ నీకేమీ తెలియకుండానే పోయావనుకుని అన్నం తిన్నాను. ఇప్పుడు నా గొంతంటే నాకే అసహ్యంగా ఉంది.

పొద్దున డాక్టరమ్మ వచ్చి రెండుసార్లు పలకరించింది.

"మందు ఎప్పుడో దిగిపోయింది కదా తాతా, మాటాడవేం?" అంది.